మొదట విడిపోయింది ఎవరు

లెక్కల మనిషి టీ వేళకి ఫోన్ చేస్తానంది. ఇద్దర్నీ ఒకే లైన్లో కలిపి ఒక్కసారే చెప్తాను, ముందు ఒకరికీ తర్వాత ఒకరికీ చెప్పి మీ మొగుడూ పెళ్ళాల మధ్య నలగడం నా వల్ల కాదు అని నవ్వింది కూడా. అందుకని ఆ ఇద్దరిలో ఇక్కడున్న ఆమె మధ్యాహ్నం క్లాసు ముందుగానే ముగించుకుని ల్యాబుకి వచ్చేసి, తలుపు ఓరగా వేసి, ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టి, మళ్ళీ తిప్పి వెల్లకిలా పెట్టి, కుర్చీలో కూచుంది. కూచున్నాక చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. మూల గాజు తొట్టిలో పంపు బుడబుడమంటోంది. తొట్టిలో రాయిని అంటుకుని పసుప్పచ్చ స్పాంజి, ఎప్పుడు చూసినా అలాగే, కదలదు మెదలదు. కొత్తగా చేరిన పిల్లలు ఏటా అడిగే మొదటి ప్రశ్న, ఇది బతికే ఉందా మేడం అని. అప్పుడామె దాని పక్కన నీళ్లలో ఓ చుక్క రంగు వదుల్తుంది. ఆ రంగు ఎక్కణ్ణుంచి దూరిందో తెలియకుండా స్పాంజి ఒంట్లోకి పోయి, పై కన్నంలోంచి పొగగొట్టంలో పొగలాగా లేస్తుంది. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తారు. నరం లేదు, కండ లేదు, నోరు లేదు, పొట్ట లేదు, అయినా రోజల్లా నీళ్లు పీల్చి వదుల్తూనే ఉంటుంది, బతకడానికి అంతకన్నా ఏం కావాలి అంటుందామె వాళ్లతో. ఆ మాట అంటున్నప్పుడల్లా తన గురించే చెప్పుకుంటున్నట్టనిపించి గొంతు కాస్త తగ్గుతుంది. పిల్లలు గమనించరు.

ఇవాళ తేలిపోతుంది అనుకుంది. తేలబోయేదేమిటో పక్కింటావిడకి చెప్తే నవ్విపోతుంది. అరవై డెబ్భై కోట్ల ఏళ్ల కిందట, జంతువన్నది మొదలైన కొత్తలో, అంతా ఒకటే వంశం. అందులోంచి ఒక శాఖ మొట్టమొదట వేరుపడి తన దారిన తను పోయింది. ఉండిపోయిన రెండో శాఖలోంచే చేపలూ పురుగులూ పక్షులూ మనుషులూ అందరం వచ్చాం. ఆ మొదట విడిపోయింది ఎవరు, స్పాంజిలా, లేక సముద్రంలో తేలే దువ్వెన జెల్లీలా? అంతే ప్రశ్న. స్పాంజిలే అని ఆమె. కాదు దువ్వెన జెల్లీలే అని అతను. ఈ రెండు పక్షాల్లోనూ లోకమంతా మనుషులున్నారు, ఒక ఏడాది వీళ్ల మాట నెగ్గుతుంది, ఇంకో ఏడాది వాళ్ల మాట. కానీ ఆమెకి అవతలి పక్షం అంటే ఒక్కడే, ఆమె భర్త, రైల్లో ఒక రాత్రి ప్రయాణమంత దూరంలో సముద్రం ఒడ్డున పరిశోధన కేంద్రంలో ఉంటాడు, ఒక్కడే ఉంటాడు. అక్కడి పిల్లలు అతన్ని దువ్వెన సార్ అంటారట. నెత్తి మీద ఒక్క వెంట్రుక లేని మనిషికి ఆ పేరేమిటని కొత్తవాళ్లు వెటకారం అనుకుంటారట. ఫోన్లో తనే చెప్పి నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. పోయినసారి చూసినప్పుడు చెవుల పక్కనైనా కాస్త జుట్టుండేది. అది కూడా పోయిందన్న సంగతి తనకి ఇలా ఒక జోకులో తెలిసింది. ఎవరి నెత్తి గురించో విన్నట్టు విని, సరేగానీ ఆ మూడో నమూనా సంగతేం చేశావు అని అడిగింది.

ఆ నెత్తి నిండా ఒత్తుగా జుట్టుండే రోజుల్లో, ఇద్దరూ ఒకే క్లాసులో ఉండగా, ప్రాక్టికల్స్‌లో ఎర్ర స్పాంజి ఒకటీ పచ్చ స్పాంజి ఒకటీ ఇచ్చారు. ముక్కల్ని సన్నటి గుడ్డలో మూటకట్టి ఉప్పునీళ్లలో పిండాలి. పిండితే ఒళ్లంతా విడివిడి కణాలై జారిపోయి నీళ్లు మబ్బుపట్టినట్టవుతాయి. ఆమెకి అప్పుడు పాపం చేస్తున్నట్టనిపించింది, నువ్వు పిండు అని గుడ్డ అతని చేతిలో పెట్టేసింది. రెండింటినీ ఒకే గాజు పళ్లెంలో కలిపారు. తర్వాత మైక్రోస్కోపు కింద చూస్తూ ఉండాలి, మీరొకసారి నేనొకసారి అని వంతులు. అప్పటికింకా మీరు. ఆ కణాలు పాక్కుంటూ పాక్కుంటూ ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి, ఎర్రవి ఎర్రవాటితో, పచ్చవి పచ్చవాటితో, చిన్న చిన్న ముద్దలయ్యాయి. తోటివాళ్లంతా ఫలితం రాసేసుకుని ఇళ్లకి పోయారు, వీళ్లిద్దరే మిగిలారు. కళ్లు లేవు చెవులు లేవు, తనవాళ్లెవరో వీటికెలా తెలుస్తుందండీ అన్నాడతను కంటికి అద్దం ఆనించుకునే. ముట్టుకుంటే తెలుస్తుంది అంది ఆమె. పాఠంలో ఉన్న సంగతే, మామూలుగానే అంది. అతను తలెత్తి ఆమెకేసి చూశాడు. అద్దం గుండ్రంగా ఒత్తుకుని కంటి చుట్టూ ఎర్రటి గీత పడి ఉంది. ఆ గీత ఇప్పటికీ ఆమెకి కనిపిస్తుంది. మొహం ఒక్కోసారి సరిగ్గా గుర్తుకు రాదు, గీత మాత్రం వస్తుంది.

పంపు ఒక్క క్షణం ఆగి మళ్ళీ అందుకుంది. వరండాలో ఎవరో నడుస్తూ పోయారు. ఫోన్ కాదు. వాడికి, వాడికి అంటుంది మనసులో, బయట ఎప్పుడూ అనదు, వాడికి ఆ జెల్లీ ఎక్కడ తగులుకుందో. పెళ్లయిన మొదటి ఏళ్లలోనే, పడవ మీద నమూనాల కోసం వెళ్లి వచ్చాడు, వచ్చినవాడు వారం రోజులు వేరే మాట మాట్లాడలేదు. గాజులా ఉంటుందటా, ఆ పక్కనుంచి ఈ పక్కకి కనిపిస్తుందటా, ఒంటి మీద ఎనిమిది వరసల్లో దువ్వెన పళ్లలాంటి నూగు కొట్టుకుంటూ ఉంటే దాని మీద పడ్డ వెలుతురు విరిగి రంగులు పైనుంచి కిందికి పరుగెత్తుతాయట. నాకేసి ఎన్నడైనా అంతసేపు చూశావా అని ఆటపట్టించింది. వలలో పట్టలేం, చేత్తో తాకలేం, చీలికలైపోతుంది, నీళ్లతో సహా సీసాలోకి తీసుకోవాలంతే అన్నాడు. తర్వాతిసారి వెళ్లినప్పుడు ఆమెకి చూపించాలని ఒక క్యానులో పెట్టుకుని, రైల్లో రాత్రంతా ఒళ్లో పట్టుకుని కూచుని తెచ్చాడు. తెల్లవారుతూనే గుమ్మంలో నిలబడి, చూడు, ఇందులో ఉంది అన్నాడు. ఆమె వంగి చూసింది. కాస్త బూజుపట్టినట్టున్న నీళ్లు తప్ప ఏమీ లేదు. కుదుపులకి ఎక్కడో దారిలోనే కరిగిపోయింది. అతనూ చూశాడు, చూసి క్యాను తీసుకెళ్లి పెరట్లో పారబోశాడు. అవి ప్రయాణం చెయ్యలేవు, అదొక్కటే. వాటి దగ్గరికి మనిషి పోవాల్సిందే.

ఎప్పుడూ వాదనే. పొద్దున గిన్నెలు తోముతూ వాదన, బట్టలు ఆరేస్తూ వాదన. ఆమెది సూటి లెక్క. స్పాంజికి నరాల్లేవు కండరాల్లేవు, జెల్లీకి రెండూ ఉన్నాయి, మనకీ ఉన్నాయి, కాబట్టి ముందు ఏమీ లేని స్పాంజి వేరుపడింది, తర్వాత మిగిలినవాళ్లకి నరాలు వచ్చాయి. లేనిది లేదు, అంతే. అతను చెయ్యి ఆపేసి, తడి బట్ట అలాగే పట్టుకుని అనేవాడు, లేదని ఎందుకనుకోవాలి, అందరికీ మొదట్లోనే ఉండి, స్పాంజి పోగొట్టుకుని ఉండకూడదా? ఉన్నదాన్ని పోగొట్టుకోవడమూ ఓ చరిత్రే కదా? లేకపోతే జెల్లీలకి విడిగా, మనకి విడిగా, రెండుసార్లు వచ్చి ఉండకూడదా? ఆమె నవ్వేసేది. ఇప్పుడు, ఈ మధ్య కొన్నేళ్లుగా, నవ్వు రాదు. ఉండి పోగొట్టుకోవడమా, అసలు లేకపోవడమా అన్న ప్రశ్న మరోచోటికి పాకింది. రాత్రిళ్లు పక్క మీద రెండో దిండు గోడవైపు జరిపేటప్పుడు వస్తుంది. మా మధ్య ఉండేది, అని చెప్పుకుంటుంది. అతనివైపు వాదన చేస్తున్నానని తెలిసే చెప్పుకుంటుంది.

అత్తగారికి మాత్రం అంతా వరసల్లో కావాలి. ఆవిడ వీళ్లతోనే ఉండేది, కొడుకు వెళ్లిపోయాక కూడా కోడలి దగ్గరే ఉండిపోయింది, ఆ ఉప్పుగాలి నా మోకాళ్లకి పడదమ్మా అని సాకు. ఓసారి ఇద్దరూ గట్టిగా వాదించుకుంటుంటే పిలిచి అడిగింది, ఇంతకీ నాకర్థమయ్యేట్టు చెప్పండర్రా, ఈ స్పాంజి మనకి పెద్దమ్మ వరసా, అమ్మమ్మ వరసా? అమ్మమ్మ కాదత్తయ్యా, అది ఇవాళ బతికున్నదేగా, అదీ మనలాగే ఇప్పటిదే, పెద్దమ్మ కూతురనుకోండి, కాకపోతే మహా దూరం. మరి అమ్మమ్మ ఎవరు? ఆవిడ పోయిందత్తయ్యా, ఒంట్లో ఎముకా గుల్లా ఏమీ లేని మనిషి, ఎలా ఉండేదో ఎవరికీ తెలీదు. అత్తగారు కాసేపు ఆలోచించి, పాపం అంది. తర్వాత కొడుకు వైపు తిరిగి, అయితే పెద్దమ్మ ఎవరో తేల్చుకోలేక కొట్టుకుంటున్నారన్నమాట, నేను కోడలి పక్షం, స్పాంజిని నేను చూశాను, నీ జెల్లీ నాకెన్నడూ కనబడలేదు అని తేల్చేసింది. కొడుకు తల్లి ఒళ్లో తల పెట్టుకుని నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. ఆ దగ్గూ ఆ నవ్వూ ఇంట్లో ఉన్న రోజులవి. పిల్లలు లేరు, మొదట్లో దాని గురించి బాధపడి ఆ తర్వాత మానేసిన ఇల్లు, అయినా నిండుగా ఉండేది.

తీరా అతను వెళ్లేటప్పుడు గొడవేమీ జరగలేదు. జరిగి ఉంటే ఇప్పుడు తలుచుకోవడానికి ఒక రోజంటూ ఉండేది. సముద్రం దగ్గర రెండేళ్ల పని వచ్చింది, వెళ్లనా అన్నాడు, నీ ఇష్టం అంది. నువ్వూ వస్తావా అని అతను అడుగుతాడేమోనని పెట్టె సర్దుతున్నంతసేపూ చూసింది. ఆగిపో అని ఆమె అంటుందేమోనని అతను చూశాడేమో, ఆమెకి తెలియదు. చొక్కాలు మడతపెట్టి ఇచ్చింది. రెండేళ్లు నాలుగయ్యాయి, తర్వాత ఎవరూ లెక్క అడగలేదు. చుట్టాలు మొదట్లో ఆరా తీశారు, ఉద్యోగాలు అంటే సరిపోయింది, తర్వాత వాళ్లకీ అలవాటైపోయింది. మిగిలింది ఫోన్. ఫోన్లో బాగున్నావా అంటే బాగున్నాను అనేసి, ఇద్దరూ ఒకేసారి ఊపిరి పీల్చుకుని జెల్లీల్లోకి దిగేవారు. అక్కడ మాటలకి కొదవలేదు. ఎవరో ఎక్కడో కొత్త పేపరు వేశారని, అందులో స్పాంజి ఓడిందనో గెలిచిందనో, చదివావా, చదివాను, వాళ్ల లెక్క తప్పు, ఎలా తప్పు. ఆమె ఒక్కో సందేహాన్ని ఒక్కో వారానికని దాచుకునేది. తనకి జవాబు తెలిసినవి కూడా అడిగేది. జన్యువులు విపరీతంగా మారిపోయిన జంతువుని కంప్యూటరు పొరపాటున అందరికన్నా దూరపు చుట్టంగా చూపిస్తుందంటారే, అదెలాగో ఇంకోసారి చెప్పు అని అడిగింది ఒకసారి. ఆ పాఠం తనే ఏటా చెప్తుంది. అతను ఓపిగ్గా మొదటి నుంచీ చెప్పాడు. ఎక్కువ మారిపోయినంత మాత్రాన ఎక్కువ దూరమని కాదు, లెక్కకి అలా కనిపిస్తుంది అంతే అన్నాడు. ఆమె ఊఁ కొడుతూ ఫోన్ చెవికి నొక్కుకుని ఆ గొంతు విన్నది. మరి ఆమెకి తెలుసని అతనికి తెలుసా? అడగలేదు.

అత్తగారు పోయినప్పుడు వచ్చాడు. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక కూడా కొన్నాళ్లు ఉన్నాడు. ఓ సాయంత్రం వంటగదిలో ఆమె టీ పెడుతుంటే వెనకాల నిలబడి, కడిగిన గ్లాసుల్ని మళ్ళీ కడిగి బోర్లిస్తున్నాడు. గది చిన్నది, మోచేతులు తగులుతున్నాయి. స్టవ్ మీద నీళ్లు మరుగుతున్నాయి. అతను ఏదో అనబోయినట్టు గొంతు సవరించుకున్నాడు. ఆమె తిరగలేదు, తిరిగితే ఆగిపోతాడేమోనని నీళ్లకేసే చూస్తూ నిలబడింది. చక్కెర ఎక్కడుంది అన్నాడు. పై అరలో అంది. మర్నాడు బయల్దేరాడు. చక్కెర ఎప్పుడూ పై అరలోనే ఉంటుంది, అతనే పెట్టిన చోటు అది.

అలాంటిది, పోయిన ఏడాది ఎవరో పెద్దవాళ్లు, మీరిద్దరూ ఇన్నేళ్లుగా చెరో పక్కనా కూచుని రాసుకుంటున్నారు, కలిసి ఒక్క పరీక్ష పెట్టి తేల్చేయరాదా అన్నారు. ఇద్దరికీ సమ్మతమైన జంతువులు, ఇద్దరూ ఒప్పుకున్న జన్యువులు, లెక్క మాత్రం ఏ పక్షానికీ చెందని మనిషి చెయ్యాలి, ఏం వచ్చినా ఇద్దరూ తల వంచాలి. లెక్కల మనిషి అలా వచ్చింది. అప్పట్నుంచీ అతనితో వారానికి రెండు మూడుసార్లు ఫోన్. ఈ ఏడాదంతా ఆమె కొత్త చీర కట్టుకున్న రోజు ఎలా ఉంటుందో అలా గడిపింది, ఈ వయసులో, ఎవరికీ చెప్పుకోలేక. అద్దంలో చూసుకుని మాట్లాడేది, ఫోనుకి మొహం కనిపించదని తెలిసీ. అతనూ ఎక్కువే మాట్లాడాడు, వానొచ్చిందన్నాడు, కాలు బెణికిందన్నాడు. అంత దగ్గరికి వచ్చి ఇప్పుడు ముగింపు. స్పాంజి అని వస్తే అతను సరేనంటాడు, మాట తప్పే మనిషి కాదు, హుందాగా అభినందనలు చెప్తాడు. జెల్లీ అని వస్తే తనూ అదే చేస్తుంది. ఆ తర్వాత? ఆ తర్వాత వచ్చే వారం ఏ సందేహం పట్టుకుని ఫోన్ చెయ్యాలి? జీవితమంతా ఈ ఒక్క ప్రశ్నకి జవాబు కోసం పనిచేసిన మనిషి, ఫలితం వచ్చే గంటలో కూచుని, తేలకూడదు తేలకూడదు అని లోపల్లోపల గొణుక్కుంటోంది. సిగ్గేసింది. ఎంత సిగ్గేసినా గొణుగుడు ఆగలేదు.

ఫోన్ మోగింది. లెక్కల మనిషి గొంతు, ఆ వెనకే చిన్న దగ్గు, అతను. ఉన్నారా ఇద్దరూ, వినండి మరి, నన్ను తిట్టకండి అంది లెక్కల మనిషి. తేలలేదట. ఒక పద్ధతిలో చేస్తే స్పాంజిలు ముందు, ఇంకో పద్ధతిలో చేస్తే జెల్లీలు ముందు. అన్ని రకాలుగా తిప్పి చూసిందట, రెండు వైపులా బలం సమానంగానే ఉందట. ఎందుకంటే, అని ఆవిడ కాస్త నెమ్మదించింది, ఈ రెండు శాఖలూ వేరుపడ్డ కాలాల మధ్య ఎడం చాలా కొద్దిది, ఆ తర్వాత గడిచింది మరీ ఎక్కువ. ఎవరు ముందు కదిలారో చెప్పే గుర్తులు ఒకప్పుడు ఉండే ఉంటాయి, ఈలోపు అరిగిపోయాయి. నాకు తెలిసినంతవరకు ఈ జన్యువుల్లో ఇంతకు మించి లేదు, మీరిద్దరూ మాట్లాడుకోండి అని, పాపం నిజంగానే నొచ్చుకుంటూ, లైన్లోంచి తప్పుకుంది.

ఆమె గుండెలోంచి పెద్ద బరువు దిగాలి. దిగడానికి చోటిచ్చినట్టు కళ్లు మూసుకుంది. అవతల అతను హమ్మయ్య అన్నాడో లేక ఊపిరి వదిలాడో, ఆ చప్పుడు ఆమె విన్నది. వెంటనే గబగబా అందుకున్నాడు. పోనీలే, మళ్ళీ మొదలుపెడదాం, లోతు నీళ్లలో దొరికే రకాలు మనం అసలు తీసుకోలేదు, నీ వైపు గాజు స్పాంజిలు ఇంకో నాలుగు కలపచ్చు, ఇంకో మూడేళ్ల పని ఉంటుంది తేలిగ్గా అన్నాడు. గొంతులో సంతోషం దాగట్లేదు. అతనూ ఇదే కోరుకున్నాడు, ఇన్నాళ్లూ అవతల కూచుని అతనూ గొణుక్కున్నాడు అని ఆమెకి ఒక్కసారిగా తెలిసిపోయింది. తెలిశాక వస్తుందనుకున్న ఆనందం రాలేదు. ఇంకో మూడేళ్లు. వారానికో సందేహం. కాలు బెణికితే, పన్ను ఊడితే, ఒంట్లో ఏదైనా పెద్దదే వస్తే, అది ఏదో ఒక జోకు చివర తెలుస్తుంది, తను విని నమూనాల సంగతి అడుగుతుంది. కోరుకున్నది చేతికి వచ్చింది, చూస్తే అందులో ఏమీ లేదు. అతను గాజు స్పాంజిల గురించి ఇంకా చెప్తున్నాడు. ఆమె మధ్యలో ఆపింది.

"నేను అక్కడికి వస్తున్నాను."

"రా, రా. మంచిదే, ఇవన్నీ కూచుని మాట్లాడుకోవచ్చు. గెస్ట్ రూము కావాలంటే ముందు చెప్పాలి ఇక్కడ. ఏ పని మీద వస్తున్నావని చెప్పను?"

"గెస్ట్ రూము వద్దు," అంది. "పనేమీ లేదు."

లైను తెగిపోయిందేమోనని ఫోన్ చెవి నుంచి తీసి చూసింది, తెగలేదు. దూరంగా అలల హోరు వినిపిస్తోంది, కిటికీ తెరిచి పెట్టుకున్నాడు కాబోలు. ఇన్నేళ్ల ఫోన్లలో ఆ హోరు ఎప్పుడూ వినలేదు, ఎప్పుడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉండేవారు కదా. చాలాసేపు వింటూ కూచుంది. ఏదో ఒకటి అని ఈ నిశ్శబ్దాన్ని పూడ్చాలని నాలిక చివరి దాకా వచ్చింది, ఆ లోతు నీళ్ల రకాల పేర్లేమిటి అని అడగాలనిపించింది, పళ్లు బిగించి ఊరుకుంది.

"నా గదిలో ఫ్యాను చప్పుడు చేస్తుంది," అన్నాడతను చివరికి, గొంతు చాలా తగ్గించి. "నీకు నిద్ర పట్టదు."

"చెయ్యనీ," అంది ఆమె.